ఆదివారం ఒంటిగంట రూలు

మా కోదాడ అపార్ట్‌మెంటుకు కార్డు తలుపు పెట్టిచ్చిన మొదటి నాడు నేను చెప్పులు విడిచి లోపలికి పోయిన. నవ్వకుండ్రి. కార్డు సూపెడితే అద్దం తలుపు దానంతటదే పక్కకు జరుగుతుంటే గర్భగుడి తెరిచినట్టే అనిపిచ్చింది మరి.

ఫిట్టింగుకు మిర్యాలగూడ నుంచి రూప అనే ఇంజనీరమ్మ వచ్చింది. అసోసియేషన్ సెక్రటరీని గాబట్టి నా ఫోన్ల యాప్ ఎక్కిచ్చింది. "శివాజీ సార్, ఏ టైముకు తెరవాలె, ఎవరికి తెరవాలె, మీరు రూలు పెట్టుండ్రి. తలుపు గదే ఇంటది" అన్నది.

నా మాట ఇనేటిది మా ఇంట్ల ఏదీ లేదు. ఫ్యాను గూడ రిమోట్ మా ఇంటామె సరళ చేతిల ఉంటేనే తిరుగుతది. అసొంటిది ఒక తలుపు నా మాట ఇంటదట!

ఆదివారం కూర తిని పండుకుంటే సాలు, బెల్లు మీద బెల్లు. చుట్టాలు, కొరియరోళ్ళు, అగర్‌బత్తీలమ్మేటోళ్ళు. అందుకే ఎవరికీ చెప్పకుండ ఒక రూలు పెట్టిన: ఆదివారం ఒంటిగంట నుంచి నాలుగు దాక తలుపు ఎవరికీ తెరువొద్దు. లోపలి బటన్ గూడ బంద్ జెయ్యాల్నా అని యాప్ అడిగింది. జెయ్యిమన్న.

"ఏం జేస్తున్నవ్ ఆ ఫోన్ల?" అన్నది సరళ.

"సెక్యూరిటీ."

"ఎవరి నుంచి?"

"లోకం నుంచి."

"లోకానికి నీతోని ఏం పని?"

ఆదివారం రానే వచ్చింది. పన్నెండూ యాభైకి సరళ పెరుగు తెమ్మని పంపింది. ఫోన్ చార్జింగుకు పెట్టి పోయిన. వచ్చేసరికి ఒంటిగంటా నాలుగు నిమిషాలు. కార్డు పెడితే ఎర్ర లైటు. తుడిచి పెట్టిన, ఎర్ర లైటే. నా రూలు నన్నే ఆపింది! కోపం రావాల్నో, గర్వపడాల్నో సమఝ్ గాలే.

అప్పుడే నా ఎనుకకు అంబులెన్స్ వచ్చి ఆగింది. మూడో అంతస్తుల రుక్కమ్మ పెద్దమ్మకు ఆయాసం ఎక్కువైందని మొదటి అంతస్తు బీక్యా ఫోన్ జేసిండట. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ పట్టుకొని దిగిండ్రు.

"తలుపు తీయుండ్రి."

"తెరువది."

"ఎందుకు?"

"ఆదివారం," అన్న. ఇంకేం అనాలె?

పెరుగు పట్టుకొని పైకి సూసిన. రెండో అంతస్తుల మా బాల్కనీల సరళ కనపడ్డది.

"నీ ఫోన్ నా చేతిల ఉంది! పాస్‌వర్డ్ చెప్పు!"

"సరళకు తెల్వదు!"

"నాకు తెల్వదనే కదా అడుగుతున్న!"

"అది గాదే! సరళకు తెల్వదు!"

"పెద్దమ్మకు ఊపిరాడ్తలేదు, నీకు మజాకయితుందా?"

మొదటి అంతస్తు నుంచి బీక్యా అందుకున్నడు. "వదినా, అన్న చెప్పేదే పాస్‌వర్డ్!"

సరళ నన్ను సూసింది. నా చేతిల ఉన్నది పెరుగు గాబట్టి సరిపోయింది, పాలయితే ఆ సూపుకు విరిగిపోతుండె.

ఇంగ్లీషు అక్షరాలల్ల ఒక తీరుగ కొట్టింది, ఇంకో తీరుగ కొట్టింది, మూడోసారి గూడ తప్పే. మూడుసార్లు తప్పయితే యాప్ పావుగంట బంద్. గది గూడ నేను పెట్టిన రూలే.

సరళ బాల్కనీల నుంచి మాయమైంది. పైన పెద్దమ్మ దగ్గు కిందికి ఇనపడుతున్నది. అద్దం పగలగొడదామని రాయి కోసం ఎతుకుతున్న. ఇంతల ఘాటు వాసన.

అద్దంల నుంచి సూస్తే సరళ మెట్లు దిగొస్తున్నది. చేతిల పొగలు గక్కుతున్న పోపు గంటె, అండ్ల మాడిన ఎండుమిరపకాయలు. అద్దం తలుపు కాడ సీలింగుకు తెల్లటి బిళ్ళ ఒకటుంది. సరిగ్గ దాని కింద నిలబడి గంటె పైకెత్తింది, హారతి ఇచ్చినట్టు.

కుయ్యిమని సైరన్ మోగింది. అద్దం తలుపు తెరుసుకుంది. మెట్ల తలుపు, మిద్దె తలుపు, మీటర్ల రూము తలుపు, అన్నీ ఒక్కసారే తెరుసుకున్నయి! నేను నోరు తెరిచి నిలబడ్డ. తలుపులతో పాటు తెరుసుకున్నది అదొక్కటే.

స్ట్రెచర్ ఉరికింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి పెద్దమ్మను దించుకొచ్చిండ్రు. అద్దం తలుపు కాడికి రాంగనే మెల్లగ కండ్లు తెరిచింది.

"ఎవరే... పోపు మాడవెట్టింది?"

సాయంత్రానికి పెద్దమ్మ కొడుకు రాజ్‌కుమార్ సూర్యాపేట దవాఖాన నుంచి ఫోన్ జేసిండు, అమ్మకు నిమ్మళంగుందని. అప్పుడు గాని మా అందరికీ ఊపిరి రాలే. తర్వాత కింద మీటింగ్ పెట్టి యాప్ సరళ చేతికిచ్చిండ్రు.

ఇంటికొచ్చినంక మెల్లగ అడిగిన. "పొగొస్తే తలుపులన్నీ తెరుసుకుంటయని నీకెట్ల ఎరుక?"

ఒక పుస్తకం తెచ్చి నా ముంగట పెట్టింది. "రూప ఇచ్చిపోయింది. నువ్వు ఒక్కనాడన్న ముట్టినవా?"

తెరిచిన. పేజీ పేజీకి పక్కన పెన్సిల్ రాతలు. ఇన్నేండ్లు నా పక్కన కూసొని సీరియల్ సూస్తున్నదనుకున్న మనిషి ఈమేనా! టైము రూళ్ళు పెట్టుడు గురించి ఉన్న పేజీల, అంచుకు, గుండ్రటి అక్షరాలతోని రాసి ఉంది:

"ఈయన దీన్ని పట్టుకొని ఏదో ఒకటి చేస్తడు. ఎండుమిరపకాయలు అయిపోకుండ సూసుకోవాలె."