మంచె మీద పది గంటలు: సుఖంగా కూర్చునే విధానం

మనిషి జన్మకు సుఖమంటూ ఒకటుంటే, అది నేలకు పదహారు అడుగుల ఎత్తున, గడ్డ కట్టే చలిలో, చెట్టుకు బిగించిన రెండడుగుల ఇనుప పలక మీద ఉంది! నవ్వకండి. ముప్పై ఒక్క ఏళ్ళుగా జింకల వేట సీజనులో తెల్లవారకముందే మంచె ఎక్కి, పొద్దుగూకాక దిగుతున్నవాణ్ణి. నాకు తెలియదా?

మా ఉత్తర విస్కాన్సిన్‌లో తుపాకి సీజను ఏడాదికి తొమ్మిది రోజులే. అంత అపురూపమైన రోజుల్లో కూడా ఈ కాలపు మనుషులు మంచె ఎక్కి రెండు గంటలు తిరక్కుండానే దిగిపోతున్నారు. చలిట! విసుగట! నడుం పట్టేసిందట! ఇలాంటివాళ్ళ మేలు కోరి, నా అనుభవసారాన్ని పైసా తీసుకోకుండా ఇక్కడ పంచిపెడుతున్నాను.

కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయన్నారు పెద్దలు. తినకుండా ఊరికే కూర్చుంటే ఏమవుతుందో వాళ్ళు చెప్పలేదు. ఏమీ కాదు! అదే దాని మహిమ.

ముందుగా బట్టలు. నా బావమరిది ఆర్లన్ ప్రతి ఏడూ ఒకటే తప్పు చేస్తాడు. ఉన్న కోట్లన్నీ ట్రక్కు దగ్గరే తొడుక్కుని, ముప్పావు మైలు మంచులో ఆయాసపడుతూ నడుస్తాడు. చెమటతో ఒళ్ళు తడిసిపోతుంది. ఎనిమిదయ్యేసరికి ఆ చెమట చల్లబడి, మనిషి కొయ్యబారిపోతాడు. తెలివైనవాడు కోటు వీపున కట్టుకుని, పెళ్ళినడక నడిచి, పైకెక్కాక తొడుక్కుంటాడు. లోపల ఉన్ని, పైన ఉన్ని, ఆ పైన, తోటి వేటగాళ్ళు మనల్ని జింక అనుకోకుండా, మండే నారింజరంగు చొక్కా. బూట్లలో, గాలి తగిలితే వేడెక్కే పొట్లాలు. కింద మంచి దిండు. దిండు దగ్గర లోభం పనికిరాదు. భార్యకు తెలియకుండా సోఫాలోది తెచ్చుకున్నా పాపం లేదు.

తిండి సంగతి. చప్పుడు చేసే కాగితాలన్నీ ఇంటి దగ్గరే విప్పేసి, రొట్టె గుడ్డసంచిలో వేసుకోవాలి. కాఫీ తక్కువగా తాగాలి. ఎక్కువ తాగినవాడి కోసం వెడల్పు మూతి సీసా ఉంది. ఆ సీసానూ కాఫీ ఫ్లాస్కునూ ఒకే సంచిలో పెట్టకూడదు. ఎందుకని నన్ను అడక్కండి, ఆర్లన్‌ని అడగండి.

ఇక ఓపిక. పదకొండింటికి అడవిలో సగంమంది వేడి వేడి సూపు గుర్తొచ్చి మంచెలు దిగి గుడిసెల దారి పడతారు. వాళ్ళ అడుగుల చప్పుడుకి జింకలు లేచి, కదలకుండా కూర్చున్న వాడి వైపు వస్తాయి. అంటే ఏమిటి? పక్కవాడి అసహనమే మన భాగ్యం! ఓర్చినమ్మకు తేట నీళ్ళని ఊరికే అన్నారా?

వస్తాయా అంటే, వస్తాయి. నా దగ్గరికి పదకొండేళ్ళుగా కొమ్ములున్నది రాలేదు. అది వేరే సంగతి. ఉడతలు వచ్చాయి. ఎండుటాకుల్లో ఒక ఉడత నలభై జింకలంత చప్పుడు చేస్తుంది. పదకొండేళ్ళు ఉడతల్ని చూసి గుండె దడదడలాడించుకున్నవాడికి ఇంక ఏ జబ్బూ రాదు.

ఇంటి దగ్గర ఉంటే ఏముంది? ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. మంచె మీద ఎవరూ ఏమీ అడగరు. అంతకు మించిన వైద్యం ఏ డాక్టరు ఇస్తాడు?

ఇంత చక్కటి జీవితానికి మొన్న వేసవిలో మా అమ్మాయి ఇంగ్రిడ్ అడ్డం వచ్చింది. వంటింట్లో నిలబడి పెళ్ళి తేదీ చెప్పింది. నవంబరు ఇరవై మూడు, శనివారం, మధ్యాహ్నం మూడింటికి.

నేను కాలెండరు చూశాను. మళ్ళీ చూశాను. అది సీజను మొదటి రోజు! మా వైపు ఆ రోజున చచ్చినవాళ్ళను కూడా సోమవారం దాకా ఆపుతారు. పెళ్ళికొడుకు అరిజోనావాడు, పాపం అమాయకుడు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకేమైంది?

"అది మొదటిరోజమ్మా," అన్నాను, చాలా శాంతంగా.

"నా పుట్టినరోజు కూడా నాన్నా," అంది.

ఆ సంగతి నాకు తెలియకపోలేదు. ఇరవై మూడో తేదీ ఏ ఏడైనా సీజనులోనే పడుతుంది. ఆ పిల్ల మంచి రోజు చూసుకుని పుట్టలేదు, తప్పు నాదా? పుట్టిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క పుట్టినరోజుకైనా నేను ఇంట్లో లేనన్నది నిజమే. కానీ జింకను కొట్టిన ఏడు తప్పకుండా జింకమాంసం సాసేజి చుట్ట ఒకటి రిబ్బను కట్టి ఇచ్చాను. దాని ఊసు ఎవరూ ఎత్తరు!

నేను విశాల హృదయుణ్ణి కనుక ఒప్పుకున్నాను. మూడింటికి కదా పెళ్ళి. ఒంటిగంటన్నర దాకా మంచె మీద ఉండి, దిగి, సూటు వేసుకుంటే సరిపోతుంది. మా ఆవిడ మార్లిస్‌తో ఇదే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆమె ఏమీ అనకపోవడాన్ని నేను ఎప్పుడూ సమ్మతిగానే తీసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం చర్చిలో రిహార్సల్ ఉందన్నారు. శుక్రవారం సాయంత్రం మగవాడన్నవాడు వేట గుడిసెలో ఉండాలి. గురి తప్పినవాడి చొక్కా వెనక తోక కత్తిరించి మేకుతో గోడకు కొట్టడం మా ఆచారం. ముప్పై ఏళ్ళ చొక్కా తోకలు వేలాడే ఆ గోడ కింద పేకాట ఆడకపోతే సీజను మొదలైనట్టా? అయినా కూతురి చెయ్యి పట్టుకుని పెళ్ళివేదిక దాకా నడవడానికి రిహార్సలేమిటి? నాకు నడవడం రాదా?

శనివారం ఒంటిగంటన్నరకు, అన్న మాట ప్రకారం, దిగడానికి లేచాను. తూటాలు తీసేసి, తుపాకిని తాడుతో ముందు కిందికి దించాలి. తర్వాతే మనిషి దిగాలి. మా వైపు బడిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. తుపాకి సగం దూరం దిగింది. అప్పుడు వచ్చాడు.

పది కొనల కొమ్ములు! ముప్పై గజాల దూరం కూడా లేదు. పదకొండేళ్ళు రానివాడు, తాడుకు వేలాడుతున్న నా తుపాకిని చూస్తూ తీరిగ్గా నిలబడ్డాడు. తాడు లాగడానికి ఒక నిమిషం, తూటా పెట్టడానికి అర నిమిషం. కొట్టాక కడుపు చీల్చి, మంచులో ఈడ్చుకుంటూ ట్రక్కు దాకా చేర్చడానికి మూడు గంటలు.

నేను గడియారం చూశాను. తుపాకిని కిందికే వదిలాను. నిచ్చెన దిగాను. ఆ జింక పరిగెత్తను కూడా లేదు.

దారి పొడుగునా నా త్యాగాన్ని ఇంగ్రిడ్‌కు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. లోపలి ఉన్ని బట్టలు మార్చే టైము లేక వాటి మీదే సూటు తొడిగాను. మూడుకు పది నిమిషాలుందనగా చర్చి పక్కగదిలో అడుగుపెట్టాను. ఇంగ్రిడ్ తెల్లగౌనులో ఉంది. మార్లిస్ ఆమె చెయ్యి తన చేతిలో వేసుకుని నిలబడి ఉంది.

"పది కొనలది వచ్చిందమ్మా. వదిలేసి వచ్చా, నీకోసం," అన్నాను.

ఇంగ్రిడ్ నా కాలరు సరిచేసింది. నా జుట్టులోంచి పైను చెట్టు ఆకు ఒకటి తీసి కిటికీ మీద పెట్టింది.

"నిన్న ఏడింటి దాకా నీకోసం చూశాం నాన్నా. ఇంక అమ్మ, నేనే నడిచి చూసుకున్నాం," అంది. "మొదటి వరసలో నీకు చోటు పెట్టాం. వెళ్ళి కూర్చో. కూర్చోవడం నీకు అలవాటేగా."

అందులో వెటకారం లేదు. కోపమూ లేదు. కోపం ఉంటే బతిమాలుకుని ఉండేవాణ్ణి. ఎప్పుడో అయిపోయిన విషయం చెప్పినట్టు చెప్పింది.

వెళ్ళి కూర్చున్నాను. వెనక వరసల్లో సగంమంది నారింజరంగు చొక్కాలతోనే ఉన్నారు. ఆర్లన్ ముందుకు వంగి, "ఏం బావా, నువ్వు నడవట్లేదా?" అనడిగాడు.

సంగీతం మొదలైంది. తల్లీ కూతుళ్ళు నన్ను దాటి నడిచారు. అడుగులో అడుగు కలిసింది. సాధన చేశారు కదా. అప్పుడు లెక్కేశాను. ఇరవై ఎనిమిది కేకులు, ఆ కేకుల ముందు కిటికీలోంచి ట్రక్కు లైట్ల కోసం చూస్తూ కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు. కొవ్వొత్తులు వెలిగించకుండా ఏ గంట దాకా నాకోసం ఆగేవారో నాకు తెలియదు. ఏ ఏడు నుంచి ఆగడం మానేశారో కూడా తెలియదు. ఓపిక మీద ఈ వ్యాసం మార్లిస్ రాసి ఉండవలసింది.

పాఠకులకు ఒక్క మనవి. పైన చెప్పిన ఉన్ని, దిండు, వేడి పొట్లాల సలహాలన్నీ మంచె వరకు నమ్మకమైనవే. పెళ్ళి మాత్రం నలభై నిమిషాలు సాగింది. ఆ చెక్కబల్ల మీద నేను ఒక్క నిమిషం కూడా కుదురుగా కూర్చోలేకపోయాను.