రాజుగారి తమ్మపడిగ

చంపా రాజ్యంలో, ఇంద్రపుర ప్రభువులవారు తాంబూలం నమిలి ఉమ్మడానికి కొత్త కంచు తమ్మపడిగ కావాలని సెలవిచ్చారు. ప్రజాక్షేమం కోరి తీసుకున్న నిర్ణయం కనుక కంచు ప్రజలే ఇచ్చుకోవాలని అధికారి విశాలకీర్తి చాటింపు వేయించాడు. ఇళ్ళలోని గిన్నెలూ గంటలూ స్వచ్ఛందంగా భటుల వెంట బయలుదేరాయి.

పోతపని కంచరి జా రతాన్‌కు పడింది. కరగబోయే వాటిలో అతని భార్య నాయ్ థార్‌కు తల్లి ఇచ్చిన అన్నం గిన్నె కూడా ఉంది.

"మా అమ్మ గిన్నెలో ఉమ్మిస్తావన్నమాట" అంది ఆమె.

"ఉమ్మేది రాజుగారే కదే" అన్నాడతను తల ఎత్తకుండా.

మైనపు అచ్చు మీద తామర రేకులు చెక్కాడు. సింహాలేవని అడిగాడు విశాలకీర్తి. సింహాలు వచ్చాక గరుత్మంతుడు చిన్నబోతాడన్నాడు. చివరికి అంచు చుట్టూ మకరాలు, లోపలంతా రాజుగారి వంశావళి చేరాయి. ఏడు నెలలకు పోత దిగింది. జా రతాన్ దాన్ని చూసి, తన చేతులకేసి ఒకసారి చూసుకున్నాడు. గిన్నె సంగతి ఆ పూటకు మరిచిపోయాడు.

నిండు సభలో ప్రభువులవారు బుగ్గ నిండా తాంబూలంతో వంగారు. విశాలకీర్తి అడ్డం పడ్డాడు.

"ప్రభూ, తాతముత్తాతల పేర్ల మీదే ఉమ్ముతారా?"

బుగ్గ ఉబ్బే ఉంది. సభ ఊపిరి బిగబట్టింది. విశాలకీర్తి చప్పున దోసిలి పట్టాడు. రాజ్యానికి గండం గడిచింది.

మర్నాటి నుంచి తమ్మపడిగకు ఏనుగు, గొడుగు, ఇద్దరు పూజారులు ఏర్పాటయ్యారు. ఉమ్మి పట్టడానికి దోసిలి కొలువు అనే శాఖ వెలిసింది. మంత్రుల కొడుకులు, నాలుగు శాస్త్రాలు చదివిన పండితులు, గిన్నెలు పోగొట్టుకున్న గృహస్థులు కోట వాకిట బారులు తీరారు. ఎవరి అరచేయి ఎంత లోతో ఒకరికొకరు చూపించుకున్నారు. ఆ బారు పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా జా రతాన్ నవ్వుకునేవాడు.

పాత్ర చేసినవాడు గనుక ఆ కొలువులో చేరమని అతనికీ కబురొచ్చింది. వద్దని మొహాన చెప్పి రావడానికే వెళ్ళాడు. నోరు తెరిచేలోగా విశాలకీర్తి అతని అరచేతులు తడిమి, కాలిన మచ్చలు చూసి పెదవి విరిచాడు.

"మరీ గరుకయ్యా. ప్రభువుల ఉమ్మి నొచ్చుకుంటుంది. వెళ్ళు."

ఇంటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

"వద్దని చెప్పావా?" అంది నాయ్ థార్.

"వాళ్ళే వద్దన్నారు."

చాలాసేపు అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"కొబ్బరినూనె ఎక్కడ పెట్టావే?" అన్నాడు.