పదకొండేళ్ల శాంపిలు

ఇకమీదట ఈ నగరంలో మురుగు అనేదే ఉండదని నీటి సరఫరా, మురుగు పారుదల బోర్డు ఎండీగారు ప్రకటించారు. ఉన్న మురుగు ఎక్కడికి పోతుందని ఒక విలేకరి అడగబోయాడు గానీ, సరిగ్గా అప్పుడే బిస్కట్లు వచ్చాయి.

ఎండీగారి వెనక గోడకి పచ్చగుడ్డ కట్టి, దాని మీద "మురుగు నుంచి మెరుగు" అని రాయించారు. ఈ నినాదం ఎండీగారి సొంతం. దీనికోసం ఆయన మూడు రోజులు తలుపేసుకుని ఆలోచించారనీ, అందులో రెండు రోజులు మురుగు దగ్గరే ఆగిపోయారనీ చీఫ్ ఇంజనీరుగారు అందరికీ గర్వంగా చెబుతుంటారు.

"ప్రపంచం ఇప్పుడిప్పుడే సుస్థిరత, సుస్థిరత అంటోంది. మన బోర్డు పుట్టిన దగ్గర్నుంచీ స్థిరంగానే ఉంది. పెట్టిన ఫైలు పెట్టినచోటే ఉంది. తవ్విన గొయ్యి తవ్వినచోటే ఉంది" అన్నారు ఎండీగారు.

తర్వాత తెర మీద నీళ్లలో మలినం ఎంతుందో చూపే గ్రాఫు వేశారు. అందులో రెండు గీతలు. నల్ల గీత ఊళ్లో కుళాయిల్లోంచి వచ్చే తాగునీటిది. పచ్చ గీత ఊరవతల మురుగు శుద్ధి ప్లాంటు ఔట్‌లెట్‌లోంచి బయటికొచ్చే నీటిది. నల్ల గీత ఎక్కుతూ దిగుతూ, వానాకాలం వచ్చేసరికి తెర దాటి గోడ మీదికి పాకింది. పచ్చ గీత మాత్రం పదకొండేళ్లుగా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

"చూశారా? తాగే నీళ్ల కంటే మురుగులోంచి తీసిన నీళ్లే శుభ్రంగా ఉన్నాయి. అంటే ఇన్నాళ్లూ మంచినీళ్లు కాలవపాలు చేసి, రెండో రకం నీళ్లు జనానికి పోస్తున్నాం. ఈ తప్పు ఒకటో తారీఖున దిద్దుతున్నాం. ప్లాంటు నీళ్లు నేరుగా కుళాయిలకి వెళతాయి. ముందుగా మన ఉద్యోగుల క్వార్టర్సుకి. అక్కడ మిగిలే పాత నీళ్లు హెడ్డాఫీసు ముందు పచ్చికకి వాడతాం. వచ్చే నెల సుస్థిర నగరాల బహుమతి జ్యూరీ వచ్చేనాటికి అన్నీ పచ్చగా ఉండాలి."

హాలంతా చప్పట్లు. వెనక వరసలో ఒక్క మనిషి మాత్రం చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి చేతులు ఖాళీ లేవు. రెండు చేతుల్లో రెండు శాంపిలు సీసాలున్నాయి.

ఆయన్ని బోర్డులో అందరూ సీసాల బాబాయి అంటారు. నెలకి రెండు శాంపిళ్లు లాబ్‌కి తెచ్చివ్వడం ఆయన ఉద్యోగం. మొదటిది తాగునీటి శాంపిలు. ఆఫీసు వెనక కుళాయి తిప్పి నింపడమే. అందులో ఏ మోసమూ లేదు. రెండోది ప్లాంటు ఔట్‌లెట్ శాంపిలు. ప్లాంటు ఊరికి తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది. బస్సు ఆరో కిలోమీటరు దగ్గర వెనక్కి తిరుగుతుంది. పదకొండేళ్ల కిందట ఒక జోరువాన రోజు బాబాయి కూడా ఆ బస్సుతోపాటే వెనక్కి తిరిగాడు. ఆఫీసు గేటు ముందు టీకొట్టులో ఒక నీళ్ల సీసా కొని, శాంపిలు సీసాలోకి వంచి, లాబ్‌లో ఇచ్చాడు. లాబ్ కెమిస్టు పరీక్ష చేసి "పాస్" అన్నాడు. ఆ ఒక్క మాటతో తొమ్మిది కిలోమీటర్ల దారి శాశ్వతంగా మూతపడింది.

బాబాయి మనస్సాక్షి ఉన్న మనిషి. మొదట్లో మరీ అంత తేటగా ఉంటే బాగుండదని చిటికెడు మట్టి కలిపేవాడు. "ఈ నెల ఫెయిలయ్యే అంచుదాకా వచ్చింది, జాగ్రత్త" అని కెమిస్టు హెచ్చరించాక మానేశాడు. అంతే తప్ప పాతనీళ్లు మళ్లీ వాడలేదు, కంపెనీ మార్చలేదు. గ్రాఫులో పచ్చ గీత అంత తిన్నగా రావడానికి వెనక ఇంత క్రమశిక్షణ ఉంది.

ఆ సాయంత్రం బాబాయి క్వార్టర్సుకి వెళ్లేసరికి కూతురు మూడు నెలల పాపకి నీళ్లు పోస్తోంది. పాప కాళ్లు ఆడిస్తోంది. నోరు తెరిచి, మీదపడ్డ నీళ్లు ఒక గుక్క మింగింది కూడా. బాబాయి చప్పున వంగి పాప మూతి తుడిచాడు.

"ఏంటండీ, ఎండీగారు మన ఇంటికే మొదట కొత్తనీళ్లిస్తున్నారటగా. పక్కింటావిడ చెప్పింది" అంది భార్య.

బాబాయి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

"నీళ్లు నమలకండి. చెప్పండి."

"నమలడానికి కూడా మంచినీళ్లుండవేమోనని." అంటూ పదకొండేళ్ల కథ రెండు నిమిషాల్లో చెప్పాడు.

ఆవిడ చేతిలో గరిటె కింద పెట్టింది. "అంటే ఆ ప్లాంటులోంచి ఏం వస్తోందో మీకు తెలీదు."

"తెలీదు."

"దాంతో రేపు పాపకి నీళ్లు పోస్తారు."

"ఒకటో తారీఖు నుంచి."

"పదకొండేళ్లు నెలనెలా పొద్దున్నే జేబులో పెన్నూ చేతిలో సంచీ పట్టుకుని బయల్దేరుతుంటే, పాపం నా మొగుడు మురుగులో పడి కష్టపడుతున్నాడని గుమ్మందాకా వచ్చి సాగనంపాను. మీరు పోయి టీ తాగారా?"

"టీ కూడా తాగేవాణ్నే గానీ..."

"చాల్లెండి. ఇప్పుడేం చేస్తారో వినండి. రేపే వెళ్లి అసలు శాంపిలు పట్టుకురండి. అది ఫెయిలవుతుంది. అవకపోతే నన్నడగండి. రిపోర్టు ఫెయిలైతే పథకం ఆగిపోతుంది. మీ ఉద్యోగం పోతే పోనీ, పాప ఒంటికి ఆ నీళ్లు తగలడానికి వీల్లేదు."

మర్నాడు బాబాయి ఆరో కిలోమీటరు దగ్గర బస్సు దిగి, మిగతా మూడూ నడిచాడు. ప్లాంటు గేటు దగ్గర కుర్చీలో కునుకు తీస్తున్న ఆపరేటరు ఉలిక్కిపడి లేచి, ఆ కుర్చీనే తుడిచి వేశాడు.

"ఎవరు కావాలండీ?"

"శాంపిలు కావాలి. లాబ్ నుంచి వచ్చాను."

"మీరేనా? ప్రతి నెలా వచ్చి పోతున్నారని రిపోర్టులో చూస్తుంటాను. ఎప్పుడొస్తున్నారో తెలిసేది కాదు. నేను నిద్రపోయినప్పుడు వస్తున్నారనుకున్నా. లేపకుండా వెళ్లే పెద్దమనిషి ఎవరో అనుకునేవాణ్ని."

ఇద్దరూ ఔట్‌లెట్ దగ్గరికి వెళ్లారు. అంత పెద్ద సిమెంటు తొట్టి. దాని అడుగున ఒక కుక్క పడుకుని నాలుగు పిల్లలకి పాలిస్తోంది. చుట్టూ గడ్డి. తడి అనేది ఎక్కడైనా ఉందంటే ఆ కుక్క నాలిక మీదే ఉంది.

"నీళ్లేవి?" అన్నాడు బాబాయి.

"నీళ్లెక్కడివండీ. ఊళ్లోంచి మురుగు వస్తే కదా. తొమ్మిదేళ్ల కిందట దార్లో పెద్ద లైను కుంగిపోయింది. మురుగు అక్కడే భూమిలోకి పోతోంది. నేను మాత్రం రోజూ మోటార్లు వేస్తాను, తీస్తాను. పుస్తకంలో ఎంత వచ్చిందీ, ఎంత పోయిందీ రాస్తాను."

"రాకుండా ఎలా రాస్తావయ్యా?"

"ముందు నాకూ భయమేసింది. కానీ మీ లాబ్ రిపోర్టు ప్రతి నెలా పాసవుతోంది కదా. శాంపిలు పాసయిందంటే నీళ్లు ఉన్నట్టే. నాకు కనపడకపోతే నా కళ్లదే లోపం. చదువుకున్న లాబ్‌ని కాదని నా కళ్లని నమ్మనా?"

"నువ్వు పుస్తకంలో రాస్తున్నావు కదాని నేను..." అని బాబాయి ఆగిపోయాడు. అదీ నిజమే. పదకొండేళ్లూ ఆయనకి ధైర్యం చెప్పింది ఆ పుస్తకమే. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం ఉన్న శాఖలు చాలా తక్కువ.

బాబాయి ఖాళీ సీసాకి బిరడా బిగించి, దాని మీద తేదీ, చోటు చీటీ అంటించాడు. ఆయన సర్వీసులో అంత నిజాయితీ గల శాంపిలు అదే మొదటిది.

మధ్యాహ్నానికల్లా ఆ ఖాళీ సీసా ఎండీగారి బల్ల మీద ఉంది. పక్కన చీఫ్ ఇంజనీరుగారున్నారు.

"ఏంటిది?" అన్నారు ఎండీగారు.

"ఔట్‌లెట్ శాంపిలు సార్. అక్కడ నీళ్లు లేవు సార్. తొమ్మిదేళ్లుగా చుక్క లేదు."

ఎండీగారు సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. చీఫ్ ఇంజనీరుగారి మొహం చూశారు. చీఫ్ ఇంజనీరుగారి మొహం నెమ్మదిగా వెలిగింది.

"సార్, జీరో డిశ్చార్జ్" అన్నారాయన.

"జీరో డిశ్చార్జ్" అన్నారు ఎండీగారు, నోరు తీపి చేసుకున్నట్టు. "ప్లాంటు నుంచి ఒక్క చుక్క కూడా బయటికి పోవడం లేదు. పెద్ద పెద్ద నగరాలు దీనికోసం తలకిందులవుతున్నాయి. మనం తొమ్మిదేళ్ల కిందటే సాధించి, పైకి చెప్పుకోకుండా ఊరుకున్నాం. ఇదయ్యా వినయం అంటే."

"సార్, మరి క్వార్టర్సు కుళాయిల్లోకి ఏం వస్తాయి సార్?"

"వాల్వు తిప్పడం మన బాధ్యత, రావడం నీళ్ల బాధ్యత" అన్నారు చీఫ్ ఇంజనీరుగారు. "ప్లాంటు నుంచి క్వార్టర్సుకి పైపు వేసి మూడేళ్లయింది. ఏం పంపాలో తెలీక ఊరుకున్నాం. ఇప్పుడు ప్రారంభోత్సవం కార్డులు కూడా అచ్చయ్యాయి."

బాబాయికి ఇక దాచాలనిపించలేదు. "సార్, ఇంకో మాట. ఇన్నేళ్లూ నేను తెచ్చిన శాంపిళ్లు అసలు ఔట్‌లెట్‌వి కావు సార్. అవి గేటు ముందు టీకొట్టులో..."

ఎండీగారు చెయ్యెత్తి ఆపారు. బల్ల మీదున్న నీళ్ల సీసా మూత తిప్పి రెండు గుక్కలు తాగారు. అదే కంపెనీ. "బాబాయ్, పెద్ద పనుల్లో చిన్న చిన్న వివరాలు అడ్డు రాకూడదు. వెళ్లిరా."

ఒకటో తారీఖున క్వార్టర్సు ముందు పందిరేశారు. పాత లైను మూసేశారు. ఎండీగారు పచ్చరంగేసిన వాల్వు తిప్పారు. కుళాయిలన్నీ ఒక్కసారి దగ్గాయి. తర్వాత ఈల వేశాయి. తర్వాత మాట్లాడలేదు.

"స్వచ్ఛమైన గాలి" అన్నారు చీఫ్ ఇంజనీరుగారు. "ఇది ప్రణాళికలో లేదు. అదనపు ప్రయోజనం."

పది రోజుల నివేదిక పేపర్లన్నిట్లో వచ్చింది. క్వార్టర్సులో నీటి వాడకం నూటికి నూరుపాళ్లు తగ్గింది. లీకేజీ సున్నా. బయటికి వచ్చే మురుగు సున్నా. ఫిర్యాదులు మాత్రం రెండొందల పన్నెండు. వాటిని "ప్రజల భాగస్వామ్యం" అనే శీర్షిక కింద వేశారు.

క్వార్టర్సులో గిన్నెలు బూడిదతో తోమారు. బట్టలు చుట్టాలిళ్లకి ప్రయాణం కట్టాయి. బాబాయి భార్య కిలోమీటరు నడిచి బిందెలు మోసింది. ఆ నీళ్లు పాపకి పట్టడానికి మనసొప్పక, తాగడానికీ పాలు కలపడానికీ టీకొట్టులో సీసాలు కొనడం మొదలుపెట్టింది. మొదటిరోజు టీకొట్టావిడ ఆవిడకేసి చూసి, "మీవారిది పాత ఖాతానేనమ్మా. నెలకొకటి. ఇంతకీ అవి ఎవరు తాగేవాళ్లు?" అంది.

"గవర్నమెంటు" అంది భార్య.

జ్యూరీ వచ్చింది. ముగ్గురు. పెద్దావిడ కళ్లజోడు పైకి తోసుకుంటూ గ్రాఫులన్నీ చదివింది, ప్రతిదానికీ తలూపింది. చివర్లో, "ఒక ఇంట్లో కుళాయి నీళ్లు మేమే పరీక్ష చేసుకుంటాం" అంది. సంచిలోంచి చిన్న మిషను తీసింది. ముట్టిస్తే చాలు, అంకెలు చెబుతుందట. ఎండీగారికి చెమట పట్టింది. ఆ రోజు క్వార్టర్సులో కనిపించిన మొదటి తడి అదే.

ఆవిడ వేలెత్తి చూపించిన ఇల్లు బాబాయిది.

లోపల అందరూ నిలబడ్డారు. పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. "కాస్త మంచినీళ్లిస్తారా అమ్మా?" అంది పెద్దావిడ.

భార్య బాబాయికేసి చూసింది. బాబాయి ఎండీగారికేసి చూశాడు. ఎండీగారు ఇంటి పైకప్పుకేసి చూశారు. అడిగినవాళ్లకి నీళ్లు లేవని ఆ ఇల్లాలు ఎప్పుడూ అని ఎరగదు. వంటింట్లోకి వెళ్లి గ్లాసు నింపి తెచ్చింది.

పెద్దావిడ మిషను కొన గ్లాసులో ముంచింది. అంకెలు వచ్చాయి. ఆవిడ పదకొండేళ్ల రిపోర్టు తెరిచి పక్కన పెట్టి, వేలితో ఒక్కొక్కటే సరిచూసింది. మళ్లీ ముంచింది. మళ్లీ సరిచూసింది.

"ముప్ఫై నగరాలు చూశాను" అంది చివరికి. "ఇంట్లో నీళ్లూ కాగితం మీద నీళ్లూ చుక్క తర్వాత అంకెతో సహా కలవడం ఇదే మొదటిసారి. మొదటి బహుమతి మీకే. ఇది ఒక్క క్వార్టర్సుకే ఎందుకు, మూడు నెలల్లో ఊరంతా పెట్టండి. నేనే సిఫార్సు రాస్తాను." ఆ గ్లాసు అక్కడే తాగేసింది. మిగతా ఇద్దరూ అడిగి తాగారు. ఎండీగారు కూడా ఆనందం పట్టలేక ఒక గ్లాసు తాగారు.

ఫోటోలయ్యాయి. కార్లు కదిలాయి. వీధి చివరదాకా చప్పట్లు వినిపించాయి. ఆ చప్పుడికి పాప లేచి ఏడవడం మొదలుపెట్టింది.

"నాన్నా, పాలు కలపాలి" అంది లోపలినుంచి కూతురు.

భార్య ఖాళీ సీసా తలకిందులు చేసి చూసి, శాంపిళ్ల సంచీ తీసి బాబాయి చేతికిచ్చింది.

"రెండు తీసుకురండి. ఒకటి పాపకి, ఒకటి లాబ్‌కి. రేపు మళ్లీ శాంపిలు తారీఖు కదా."