శ్యామలమ్మ లింకులు

ఆ పొద్దున కార్మిక నాయకుడు పండరి పథకం చాలా చిన్నది: మట్టెవాడ మరమగ్గాల కార్మికులందర్నీ వెంకట్రాజం షెడ్డు గేటు ముందుకు తేవాలి. మగ్గంలో పడి మార్కండేయులు చెయ్యి నలిగితే, దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి యజమాని వెంకట్రాజం అతన్ని పనిలోంచి తీసేశాడు. ఆ పని లేకపోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. కానీ పండరి ఎప్పుడు పిలిచినా వచ్చేది నలుగురే. అందులో ఇద్దరు చాయ్ కోసం.

హనుమకొండలో ఇంజనీరింగ్ చదివే పండరి కూతురు తేజస్విని సుద్దముక్కతో నేల మీద చుక్కలు పెట్టి గీతలు కలిపింది.

"ఇంట్ల ముగ్గేందే?"

"ముగ్గు గాదు నాయినా, నెట్‌వర్క్. చుక్కంటే మనిషి, గీతంటే లింకు. ఎవలు ఎవలతోని మాట్లాడుతరో చూస్తే గుంపు ఎట్ల కదులుతదో తెలుస్తది. గీడ చూడు, నూలు కండెలు చుట్టే శ్యామలత్త. అందరి లింకులు ఆమె కాడికే. ఇంటింటికి తిరుగుడెందుకు? ఆమెకు చెప్తే చాలు."

ఇన్నేళ్లు గొంతు చించుకున్నది దండగే అనుకుంటూ పండరి ఉరికాడు. కానీ తొవ్వలో చాయ్ హోటల్ ఉంది. హోటల్లో సదానందం ఉన్నాడు. పండరికి నోరు ఉంది.

"సదానందం! శ్యామలక్కకు వాడకట్టు మొగోళ్లందరితోని లింకులున్నయట. మా బిడ్డ లెక్కగట్టి తేల్చింది. నీతోని గూడ ఉన్నది!"

సదానందం నోట్లో చాయ్ బయటికొచ్చింది. "జర మెల్లగనే! మా ఇంటిది వింటది."

విన్నది. బిందెతో వెనకే నిలబడి ఉంది. ఆమె బోరింగు కాడ మొగిలమ్మ చెవిన వేసింది. మొగిలమ్మ ఊరుకుంటుందా?

"పండరి పటం గీసి పెట్టిండటనే! నీ మొగని చుక్క గూడ ఉన్నదట!"

ఇంటింటా ఆడవాళ్లు మొగుళ్ల కాలర్లు పట్టుకున్నారు. "మాకేం తెల్వదు, పండరిని అడుగుండ్రి" అని మొగుళ్లు మొత్తుకున్నారు. పండరి శ్యామలమ్మ వాకిట్లోకి చేరేసరికి తలుపుకు తాళం ఉంది. కబురు ఆయనకంటే ముందే చేరింది మరి.

అది తెలియని పండరి, ఎవరూ రారని నిట్టూర్చి ఒక్కడే షెడ్డులోకి వెళ్లాడు.

"ఏడ ఉన్నరయ్యా నీ మంది?" వెంకట్రాజం నవ్వాడు.

బయట లొల్లి లేచింది. గేటు నిండా జనం. ఆడవాళ్లు, వాళ్లు ఈడ్చుకొచ్చిన మొగుళ్లు. ముందు చీపురుతో శ్యామలమ్మ, పక్కనే చేతికి కట్టుతో మార్కండేయులు.

"బయటికి రారా! మా ఇజ్జత్ తీస్తవా? ఇయ్యాల అటో ఇటో తేలాలె!"

వెంకట్రాజం మొహం పాలిపోయింది. "న... నన్నేనా?"

హోటల్లో తానన్న మాట గుర్తొచ్చి, ఎవర్నో పండరికి అర్థమైంది. అయినా వచ్చిన మందిని వదులుకుంటాడా?

"మార్కండేయులును తీస్కుంటవా, గేటు తియ్యమంటవా?"

"తీస్కుంట! రేపే రమ్మను! నువ్వు పోయి వాళ్లకు చెప్పు జర."

పండరి చీపురు వైపు చూశాడు. "నువ్వే చెప్పు సేటూ. పేరు నీకే రానీ."

ఆ రోజు మట్టెవాడలో కార్మికులు గెలిచారు. నాయకుడు వెనక గోడ దూకి ఇంటికి పోయాడు.