సంబంధానికి అడ్డొచ్చిన చెవులు

ఆ శనివారానికి మహేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం ఎనిమిదికి కుక్కని బాపి చేతిలో పెట్టాలి. తొమ్మిదికి కొరాపుట్ బస్టాండులో తన బుకింగ్ కౌంటర్ తెరవాలి. మధ్యాహ్నం మూడింటికి స్టేషనుకెళ్లి, రాయగడలో రైలెక్కి వస్తున్న గున్నయ్యగారిని ఇంటికి తీసుకురావాలి. ఈ మధ్యలో ఎక్కడో, తన ప్రమేయం లేకుండా, కుక్క చెవులు నిటారుగా నిలబడిపోవాలి.

కుక్క పేరు సీజర్, జాతి డాబర్‌మ్యాన్. మూడు నెలల కిందట దామంజోడి నుంచి బదిలీ అయి వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దాన్ని ఊరికే ఇచ్చేశాడు. "అన్నీ చేయించేశాను, మీకే ఇబ్బందీ ఉండదు" అని హిందీలో చెప్పి గొలుసు చేతిలో పెట్టాడు. ఇంజెక్షన్ల సంగతి కాబోలనుకున్నాడు మహేశ్వరరావు. నిజంగానే ఏ ఇబ్బందీ రాలేదు, చెవులు తప్ప. ఫొటోల్లో ఈ జాతి కుక్కలకి చెవులు సూదుల్లా నిలబడి ఉంటాయి. సీజర్ చెవులు ఆరేసిన తడిగుడ్డల్లా చెంపల మీద వేలాడుతుంటాయి.

గున్నయ్య రంగంలోకి దిగకపోతే ఆ చెవులతోనే సర్దుకుపోయేవాడు. గున్నయ్య అతని భార్య పుష్పకి పెదనాన్న. గుణుపురం దగ్గర వ్యవసాయం. సంతలో ఎద్దుల్ని కొనాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నలభై ఏళ్లుగా ఆయన్నే వెంటబెట్టుకుపోతారు. పశువుని ఎంచడంలో అంత దిట్ట అయిన ఆయన, పెళ్లయిన పదకొండేళ్లలో మహేశ్వరరావుని మాత్రం ఎందులోనూ ఎంచలేదు. 'ఆ టిక్కెట్లు రాసే కుర్రోడు' అనేవాడు, అంతే. అలాంటి మనిషి కిందటి వారం తనంతట తాను ఫోన్ చేశాడు. తోటలో కాపలా ఉండే తమ రాణికి ఈడొచ్చిందనీ, అదీ డాబర్‌మ్యానేననీ, అల్లుడి దగ్గర మగది ఉందని విన్నాననీ, సంబంధం కలుపుకుంటే బాగుంటుందనీ. తనని 'అల్లుడు' అన్నాడు. ఆ మాట వినగానే మహేశ్వరరావు కుర్చీలోంచి లేచి, మిగతా సంభాషణంతా నిలబడే పూర్తి చేశాడు.

వెంటనే సీజర్ మొహం ఫొటో తీసి పంపాడు. పెళ్లికొడుకు ఫొటో కదా, మొహం చాలనుకున్నాడు. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది.

"సెవులేటి అల్లుడూ, మేకకి లాగ యేలబడిపోనాయి?"

ఇంకేముంది, చెవులు కోయించాలని మహేశ్వరరావు ఆ క్షణమే నిర్ణయించేసుకున్నాడు. ఇంట్లోవాళ్లు మాత్రం ఒప్పుకోలేదు. నాలుగు రోజులు ఇంట్లో అదే గొడవ.

"సివర్లు కోసీసి కట్టు కడితే నిలబడతాయట. ఈ జాతికంతా అలాగే సేస్తారు" అన్నాడు అతను.

"దేవుడిచ్చిన సెవులు కొయ్యడానికి మీరెవరండీ?" అంది పుష్ప. "అంత ముచ్చటగా ఉంటే ముందు మీవి కోయించుకోండి. మీవీ పెద్దవే."

తొమ్మిదేళ్ల కూతురు లిప్సా తండ్రితో మాట్లాడటమే మానేసింది. చెప్పదలుచుకున్నది కుక్కకి చెప్పేది, అతనికి వినపడేలా. "సీజర్, నాన్న నీ సెవులు కోయించీస్తాడట. మనం నాన్నతోటి కచ్చి."

అడిగిన పశువుల డాక్టర్లు ఇద్దరూ కూడా అది హింస, ఆ పని మేం చెయ్యం అనేశారు. అప్పుడు గుర్తొచ్చాడు బాపి. పక్కవీధిలో ఉంటాడు, వీధికుక్కల్ని పట్టుకెళ్లే బండిలో పని.

"బాపీ, మా సీజర్‌కి సెవి కొయ్యాలి. అవుద్దేటి?"

"సెవి కోతే గదా అన్నా. రోజుకి పదీ పదిహేనూ కోసీస్తన్నాం. శనివారం పొద్దున్నే పంపీ."

"నొప్పి ఉంటాదేటి?"

"మత్తిచ్చీస్తారు, దానికి తెలీదు. తరవాత మరి ఈదులంట తిరగదు. ఇంటి పట్టునే ఉంటాది."

చెవులకీ తిరుగుళ్లకీ సంబంధమేమిటో మహేశ్వరరావుకి అర్థం కాలేదు గాని, అదీ ఒక లాభమే కదా అనుకున్నాడు. శనివారం ఉదయం పుష్పతో ఇంజెక్షను వేయించాలని చెప్పి, సీజర్‌ని వీధి చివరికి నడిపించుకెళ్లి బండెక్కించాడు. బోనులోంచి అది అతని వంక చూసిన చూపు బాగోలేదు. అతను తల తిప్పుకుని బస్టాండుకి వెళ్లిపోయాడు.

రెండు కావస్తుండగా సోములు కొట్టులో టీ తాగుతుంటే బెంచీ కింద పడుకున్న ఊరకుక్క ఒకటి కనిపించింది. దాని ఎడమ చెవి కొస ఎవరో కత్తెరతో తీసేసినట్టుంది.

"దీని సెవెవడు కొరికేడు, సోములూ?"

"కొరకడమేటి, బండోళ్లు కోసేరు. ఆపరేషను సేసీసిన కుక్కకి అదే గుర్తు."

"ఏ ఆపరేషను?"

సోములు బెంచీ మీదున్న ఆడవాళ్ల వంక చూసి గొంతు తగ్గించాడు. "అదే బాబూ. పిల్లలు పుట్టకుండా సేసీది. ఆడోళ్ల ముందు ఆ మాటనలేక సెవి కోసీసినాం అంటారు బండోళ్లు."

మహేశ్వరరావు గ్లాసు కింద పెట్టాడు. 

"సోములూ, సెవి కొయ్యమని సెప్పి నానే మా సీజర్‌ని బండెక్కించీసేను."

సోములు స్టవ్వు ఆర్పేశాడు. బస్టాండు నిండా జనం ఉండగా సోములు స్టవ్వు ఆర్పడం అంతవరకూ ఎవరూ ఎరగరు. "మొదటి పిల్ల నాకిస్తానన్నారు గదా బాబూ" అన్నాడు. అన్నమాట నిజమే. రాణి మొహమైనా చూడకుండా మహేశ్వరరావు ఊళ్లో అప్పటికి ఐదు పిల్లల్ని పంచేశాడు.

ఇద్దరూ స్కూటరెక్కారు. బాపి ఫోనెత్తడం లేదు. జయపూర్ రోడ్డు ఎక్కారో లేదో పుష్ప ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"కుక్కల బండిలో సీజర్‌ని సూసిందట పక్కింటి అప్పమ్మ. దానికి పిచ్చెక్కింది, అవునా? అందుకే ఇంజెక్షనని అబద్దం సెప్పి అంపీసేరు."

"పిచ్చేటి పుష్పా, నా మాటిను..."

"ఇంకేటినాలి? నిన్న లిప్సా మూతంతా నాకీసింది. అప్పమ్మ సేతులు నాకింది. ఈదిలో దాని సేత నాకించుకోనోళ్లెవరు? ఏడుగురం ఆటోలో పెద్దాసుపత్రికి పోతున్నాం, సూది యేయించుకోడానికి."

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒక పక్క ఆసుపత్రి, ఒక పక్క ఆపరేషను. భార్యకి తర్వాతైనా నచ్చజెప్పుకోవచ్చు, ఆపరేషనుకి నచ్చజెప్పేదేమీ ఉండదు. "పోనీ సోములూ, తిన్నగా పోనీ" అన్నాడు.

కుక్కల షెడ్డు ఊరవతల ఉంది. ముప్పై బోనులు, ముప్పై గొంతులు. తొమ్మిదో బోనులో సీజర్. అతన్ని చూడగానే దాని చెవులు రెండూ వెనక్కి వెళ్లి మెడకి అతుక్కుపోయాయి, నడుం నుంచి వెనకభాగమంతా ఊగిపోయింది. రోజూ సాయంత్రం గేటు దగ్గర అది చేసేదీ అదే. ఆ చెవులు కోసేస్తే, తనని చూసి అది ఇంత సంతోషపడుతోందని ఇక తనకి చెప్పేదెవరని మహేశ్వరరావుకి అప్పుడు తట్టింది. ఒక ఫోన్ మాటకి పొంగిపోయి దీన్ని కత్తికి అప్పగించాడు తను. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే లోపల్నుంచి డాక్టరు సస్మిత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చిన్న వయసు, ఒడియా అమ్మాయి. మహేశ్వరరావు వచ్చిన భాషలన్నీ ఒకేసారి వాడేశాడు.

"మేడమ్, కాన్ కాటొద్దు, ఆపరేషన్ మత్ కరో. సంబంధం కుదిరిపోయింది మేడమ్, పిల్లల్ని కూడా పంచీసేను."

ఆమె బోనుకి కట్టిన చీటీ చూసింది, సీజర్‌ని చూసింది, చివరికి అతన్ని చూసింది. "ఆపరేషన్ దర్కార్ నాహి" అంది. అక్కర్లేదని. "ఎందుకంటే..."

ఎందుకో విననివ్వలేదు మహేశ్వరరావు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలని దీవించి, గొలుసు అందుకుని బయటపడ్డాడు. ఇంకా పెళ్లే కాని ఆ డాక్టరమ్మ ఏదో చెబుతూ గేటు దాకా వచ్చింది గాని, అప్పటికే స్కూటరు కదిలిపోయింది.

"ఎంత మంచి మనసు" అన్నాడు సోములు, మధ్యలో కుక్క ఇరుక్కుని కూర్చోగా.

నాలుగు దాటాక ఇల్లు చేరారు. వరండాలో ఏడుగురు జబ్బలు రుద్దుకుంటూ కూర్చుని ఉన్నారు. ముందు సూది పొడిపించుకుని, ఆ తర్వాత బాపికి ఫోన్ చేసి విషయం కనుక్కున్నారు వాళ్లు. కుక్కకి పిచ్చిలేదని తెలిశాక వాళ్ల కోపం తగ్గకపోగా రెట్టింపయింది. వాళ్ల మధ్య కుర్చీలో గున్నయ్య. స్టేషనుకి ఎవరూ రాకపోతే ఆయనే ఆటో మాట్లాడుకుని వచ్చేశాడు. అప్పమ్మ ఆయనకి జరిగిందీ జరగందీ అంతా చెప్పేసింది.

ఇక దాచడానికేమీ లేదు. మహేశ్వరరావు మెట్టుమీదే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యా, సెవులు కోయించలేదు. మరి కోయించను కూడాను. మేకకి లాగున్నా అవి మా సీజర్ సెవులు. మీకు నచ్చితే సంబంధం కలుపుకోండి, లేకపోతే మానీండి."

గున్నయ్య ముందు అతను అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. పుష్ప జబ్బ రుద్దుకోవడం ఆపేసింది. లిప్సా పరిగెత్తుకొచ్చి "నాన్నా" అని నడుం పట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత ఆ పిలుపు విని మహేశ్వరరావు ప్రాణం లేచొచ్చింది.

గున్నయ్య గట్టిగా నవ్వాడు. "బాగుంది అల్లుడూ. సెవులతోటి సంసారం సేస్తాదేటి? నవ్వులాటకన్నాను గాని, సెవుల కోసం సంబంధం ఎవుడొదులుకుంటాడు? మాటంటే ఇలాగుండాల. మనిషివి."

టిక్కెట్లు రాసే కుర్రోడన్న నోటితోనే మనిషివి అన్నాడు. పదకొండేళ్ల బరువు దిగిపోయినట్టయింది మహేశ్వరరావుకి. సోములు వైపు, జబ్బలు రుద్దుకుంటున్నవాళ్లలో కుక్కపిల్లలకి ఆశపడ్డ మిగతా నలుగురి వైపు నిశ్చింతగా చూశాడు.

గున్నయ్య లేచి పంచె ఎగ్గట్టి, సంతలో ఎద్దుని చూసినట్టే కుక్కని చూడటం మొదలుపెట్టాడు. పళ్లు చూశాడు. వీపు నిమిరాడు. కాళ్లు ఎత్తించి చూశాడు. వెనక్కి వెళ్లి వంగాడు. వంగినవాడు చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"అల్లుడూ."

"మావయ్యా."

"దీనికి ఆ ఆపరేషను ఎప్పుడో సేసీసినారు. ఏడాది పైమాటే."

 సోములు మెల్లిగా మెట్టుమీద కూలబడ్డాడు. గున్నయ్య నడుం పట్టుకుని నిలబడి, అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు.

"మూడు నెల్ల బట్టి తిండెట్టి, నీల్లోసి, దగ్గరుండి పెంచుతున్నావు. ఇన్నాళ్లూ ఈ కుక్కలో నువ్వు సూసిందేటి?"

మహేశ్వరరావు కొంచెం ఆలోచించి, ఉన్నదే చెప్పాడు.

"సెవులు."