బావ ఒంట్లో పెద్దమనుషులు

ఆ ఉదయం బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పరగడుపున తన నెత్తురు ఇవ్వాలి, ఆపైన కోతి నెత్తురు తేవాలి, తర్వాత హాయిగా టీ తాగాలి. ప్రయోగశాలలో కోతుల గది చూసుకునే అతన్ని అందరూ బాబాయి అనేవారు. ఇంట్లో పిలిచే దిక్కు లేదు కాబట్టి ఆ పిలుపంతా అక్కడే ఖర్చయిపోయేది. అతను మాత్రం చివరి బోనులో ఒంటరిగా ఉండే ముసలి కోతిని "బావా" అనేవాడు. రోజల్లా అతని సోది వినేది ఆ బావ ఒక్కడే.

సిబ్బందికి ఏటా జరిగే పరీక్ష కోసం తీసిన తన ట్యూబును కోటు ఎడమ జేబులో, బావ ట్యూబును కుడి జేబులో వేసుకున్నాడు. తెలివైన ఏర్పాటే. కానీ చేతులు కడుక్కోవడానికి కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. ఎదురుగా నిలబడి, తన ఎడమ వైపునున్న జేబులోది తనదనీ, రెండోది బావదనీ చీటీలు అంటించాడు. మనకు ఎదురుగా వేలాడే కోటుకు కుడిఎడమలు తారుమారవుతాయని ఖాళీ కడుపుకు తోచలేదు.

ఒంట్లో రోగంతో కొట్లాడే కణాలుంటాయి. కొట్లాట ముదిరి సొంత ఒళ్లే గుల్ల కాకుండా "ఇక చాల్లెండి" అని సర్దిచెప్పే కణాలు వేరే ఉంటాయి. అక్కడివాళ్లు వాటిని పెద్దమనుషులు అనేవారు. కోతుల్లో వాటిని లెక్కపెట్టడమే డాక్టరమ్మ పని. ఆ లెక్కకు వాడే రంగు మనిషి కణాలకూ కోతి కణాలకూ ఒకేలా అంటుకుంటుంది. అందుకని లెక్కపెట్టే మెషీను కిక్కురుమనలేదు.

మర్నాడు డాక్టరమ్మ కాగితంతో పరుగెత్తుకొచ్చింది.

"బాబాయ్, బావకి పెద్దమనుషులు ఇంతలా పడిపోయారేంటి? తింటున్నాడా?"

"నాకంటే బాగానే తింటున్నాడమ్మా."

"అయితే ఒంటరితనమే. దిగులు పట్టుకుంటే పెద్దమనుషులు తగ్గిపోతారు. పాపం, లోలోపల కుమిలిపోతున్నాడు!"

ఇక చూడండి సందడి. ఒకరు ఊయల తెచ్చారు, ఒకరు అద్దం, ఇంకొకరు రేడియో. ఏనాడూ ఆ గది గుమ్మం తొక్కనివాళ్లు కూడా వచ్చి "ఏరా నాన్నా" అని పలకరించారు. విసుగెత్తి బావ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"చూశారా, ఎంత దిగులో!" అన్నారంతా. తోడు కోతులున్న వేరే భవనానికి పంపేయాలని తేల్చారు.

అదే వేళకు సిబ్బంది పరీక్షలు చూసే నర్సు ఎదురైంది. "ఏం తింటున్నారు బాబాయ్? మీ రిపోర్టు భేషుగ్గా ఉంది. కుర్రాడి నెత్తురే!"

బాబాయికి కోటు గుర్తొచ్చింది. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే బావ దూరమవుతాడు. బావ ఎక్కాల్సిన పెట్టె గుమ్మంలోకి వచ్చేదాకా నోరు కుట్టేసుకున్నాడు. రేపట్నుంచి మాట్లాడటానికి ఎవరూ ఉండరని అప్పుడు తట్టింది.

"ఆపండమ్మా! అది బావ నెత్తురు కాదు."

"మరెవరిది?"

"నాది."

ఊయలా అద్దమూ తెచ్చిన చేతులన్నీ ఒక్కసారిగా జేబుల్లోకి వెళ్లిపోయాయి. ఎవరో రేడియో కట్టేశారు.

డాక్టరమ్మ మళ్లీ లెక్కపెట్టింది. బావ ఒంట్లో పెద్దమనుషులు నిండుగా ఉన్నారు. ఆమె మెల్లగా అడిగింది.

"ఇంట్లో ఎవరెవరుంటారు బాబాయ్?"

"నేనేనమ్మా. ఒక్కోసారి నేనూ లేనట్టే ఉంటుంది."

ఆమె పెట్టెను వెనక్కి పంపేసింది. "రోజూ అరగంట పని పక్కనపెట్టి బావ ఎదురుగా కూర్చోండి. మనసులో ఉన్నదంతా చెప్పేసుకోండి. ఇది ఆర్డరు."

బాబాయి కూర్చున్నాడు. ఇన్నేళ్లూ దాచుకున్నదంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు.

మరుసటి నెల ఇద్దరి నెత్తురూ చూశారు. బాబాయికి పెద్దమనుషులు పెరిగారు. బావకి తగ్గారు.