అధ్యక్షుల వారి అతి రహస్య సర్క్యులర్

మూడు వాగులు కలిసే ఒక పెద్ద అడవికి బలభద్రం అనే అడవిదున్న అధ్యక్షుడు. ఆయన రంకె వేస్తే అవతలి కొండ మీది కుందేళ్లు కూడా సర్దుకుని కూర్చునేవి.

అంతటివాడికి ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ వచ్చింది. కొంగ డాక్టరమ్మ ఆపరేషన్ చేసి గ్రంథి తీసేసింది. ప్రాణం దక్కింది. కానీ ఆర్నెల్లయినా భార్య గౌరమ్మ పక్కకు చేరితే ఒళ్లు పలకడం లేదు.

"పుండు మానడం వేరు, నరాలు కోలుకోవడం వేరు. ఏడాది, రెండేళ్లు కూడా పట్టొచ్చు. మందులున్నాయి. ఈసారి అమ్మగారితో రండి," అని కొంగ చెప్పనే చెప్పింది.

భార్యతోనా! బలభద్రానికి తల కొట్టేసినట్టయింది. "ఫైళ్లున్నాయి" అని వాగు అవతల పడుకోవడం మొదలెట్టాడు.

ఇది కనిపెట్టింది సెక్రటరీ నక్క జంబుకేశం. "అమ్మగారు ఎదురొస్తే దారి మార్చుకుంటున్నారేమిటండీ?"

బలభద్రం నీళ్లు నమిలి, చివరికి ఉన్నదంతా చెప్పేశాడు. "మూడో చెవిన పడకూడదయ్యా."

"నాకొదిలెయ్యండి. ఒక్క సర్క్యులర్ వేస్తే సరి!"

మర్నాడు పొద్దున్నే చెట్టుచెట్టుకీ ఆకు మీద రాసిన సర్క్యులర్ వేలాడింది: "అత్యంత గోప్యం. ఆపరేషన్ అనంతరం అధ్యక్షుల వారి దాంపత్య సామర్థ్యం సంతృప్తికరంగా ఉన్నది. ఈ విషయమై ఎవరూ చర్చించరాదు. చదివినట్లు సంతకం చేయవలెను."

అప్పటిదాకా ఆ ఊసే ఎరగని చీమలు కూడా బారులు తీరి సంతకాలు చేశాయి.

బలభద్రం సిగ్గుతో బురదగుంటలో ముక్కు దాకా మునిగాడు. అక్కడికీ వచ్చాడు అడవిపంది వరాలయ్య. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అధ్యక్షా, నాకూ అదే జబ్బు. రేడియేషన్ పెట్టించుకుని రెండేళ్లయింది. తమరికి 'సంతృప్తికరం' ఎలా అయిందో కాస్త చెబుదురూ?"

అతని వెనక ముసలి కొండముచ్చు. దాని వెనక కొమ్ములూడిన దుప్పి. వాళ్లదీ అదే గోడు.

బలభద్రం బురదలోంచి ముక్కు పైకెత్తాడు. "అబద్ధమయ్యా అది. నాకూ ఇంకా నయం కాలేదు," అన్నాడు.

వరాలయ్య బురదలో చతికిలబడ్డాడు. "హమ్మయ్య! నా ఒక్కడి ఖర్మే అనుకున్నా."

అంతలో గౌరమ్మ వచ్చింది, కొమ్ముకు ఆ ఆకు గుచ్చుకుని. వరస మొత్తం చెదిరిపోయింది.

"మీకు నా మీద మొహం మొత్తిందనుకుని ఆర్నెల్లుగా ఏడుస్తున్నాను. నాకు చెప్పడానికి సర్క్యులర్ కావాల్సొచ్చిందా?"

"పనికిరానివాణ్ణి అనుకుంటావని..."

"పక్కన వెచ్చగా పడుకోవడానికి కూడా పనికిరారా? మిగతాది వస్తే నేనేం వద్దంటానా! లేవండి, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

ఇద్దరూ వెళ్లారు. కొంగ మందులిచ్చింది, గౌరమ్మ ఎదుటే ఇద్దరికీ అన్నీ విడమరిచి చెప్పింది. ఏడాది తిరిగేసరికి కొంత తిరిగొచ్చింది, కొంత రాలేదు. రానిదాని సంగతి ఎలా సర్దుకున్నారని అడిగితే గౌరమ్మ ముసిముసిగా నవ్వేది, అంతే.

జంబుకేశానికి మాత్రం, రహస్య పరిరక్షణలో విశేష కృషికి గాను, ప్రమోషన్ వచ్చింది.

ఇందులో తెలుసుకోవలసిందొకటే: పరువు నిలబడాలంటే గుట్టు దాచుకో, కాపురం నిలబడాలంటే చేతగాని సెక్రటరీని పెట్టుకో.